అన్నీ కనిపిస్తున్నాయి కదా, మరి లేజీ ఐ ఏమిటి?

ప్రశ్న: మా పాపకు నాలుగున్నరేళ్లు. పోయిన నెల స్కూల్లో కళ్ల పరీక్ష చేసి, ఎడమ కన్ను ఒకసారి డాక్టరుకు చూపించమని చీటీ పంపారు. చూపిస్తే ఎడమ కంటికి పవర్ చాలా ఉందని, అది 'లేజీ ఐ' అని చెప్పారు. కళ్లజోడు రాసిచ్చి, రెండు మూడు నెలలు చూసి అవసరమైతే ఒక కన్ను మూసే ప్యాచ్ వేద్దామన్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. పాపకు మెల్లకన్ను లేదు. కళ్లు చక్కగా ఉంటాయి. కింద పడ్డ పూసను కూడా టక్కున ఏరుకొస్తుంది. కనిపించడం లేదని ఒక్కసారి కూడా అనలేదు. నిజంగానే ఉంటే ఇన్నాళ్లూ నాకెలా తెలీలేదు? మా అత్తగారేమో ఇంత చిన్నపిల్లకు కళ్లజోడు వద్దు, పెద్దయితే అదే సర్దుకుంటుంది అంటున్నారు. ఫోన్ ఎక్కువగా చూపించడం వల్ల వచ్చిందా? ఇంకో సంగతి. బాబుకు పది నెలలు. ఒక్కో ఫొటోలో వాడి కన్ను ముక్కు వైపు వెళ్లినట్టు కనిపిస్తుంది. వాడికీ ఇది వస్తుందా? ఎలా కనిపెట్టాలి? చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక అమ్మ

సమాధానం: మీ ఉత్తరం చదువుతూ ఆ పూస దగ్గర ఆగిపోయాను. కింద పడ్డ పూసను ఏరుకొచ్చే పిల్లకు చూపు తక్కువంటే ఏ తల్లికైనా నమ్మబుద్ధి కాదు. కానీ పూసను ఏరేటప్పుడు పాప రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి కదా. దాన్ని చూసింది కుడి కన్ను. ఎడమ కన్ను తెరుచుకుని ఉంది, అంతే.

క్లాసులో పిల్లలంతా కలిసి ఎక్కాలు చెప్పేటప్పుడు ఒకడు గట్టిగా అరుస్తుంటాడు, పక్కవాడు పెదాలు మాత్రం కదుపుతుంటాడు. వినేవాళ్లకు తేడా తెలీదు. ఒక్కొక్కరినీ లేపి అడిగినప్పుడే రెండోవాడి సంగతి బయటపడుతుంది. స్కూల్లో మీ పాపకు చేసిందీ అదే. కుడి కన్ను మూసి, ఎడమ కన్నును ఒంటరిగా లేపి అడిగారు. ఇంట్లో ఎవరం ఆ పని చేయం, చేయాలని తట్టదు కూడా. పాపైనా ఎలా చెబుతుంది? పుట్టినప్పటి నుంచీ తనకు లోకం ఇలాగే కనిపిస్తోంది. మీకు ఎడమ కన్నుతో మసగ్గా కనిపిస్తే ఏదో తేడా వచ్చిందని వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే మీకు 'ముందు' అనేది ఒకటుంది. పాపకు ఆ 'ముందు' లేదు. కాబట్టి ఇన్నాళ్లూ తెలీలేదన్న బాధను పక్కన పెట్టేయండి. నూటికి సుమారు 2, 3 మంది పిల్లల్లో ఇది ఉంటుంది. వాళ్లలో చాలామంది అమ్మానాన్నలు మీలాగే ఆశ్చర్యపోతారు.

లేజీ ఐ అన్న పేరు నాకెప్పుడూ నచ్చదు. బద్ధకం ఎవరిదీ కాదు, కంటిది అసలే కాదు. డాక్టర్లు యాంబ్లియోపియా అంటారు. చూడటమనే పని కన్ను ఒక్కటే చేయదు. కన్ను పంపిన బొమ్మను మెదడు చదవాలి. ఆ చదవడం మెదడు పుట్టుకతో పూర్తిగా నేర్చుకుని రాదు, మొదటి కొన్నేళ్లలో నేర్చుకుంటుంది. ఆ వయసులో ఒక కంటి నుంచి స్పష్టమైన బొమ్మ, రెండో కంటి నుంచి అలికినట్టున్న బొమ్మ వస్తుంటే మెదడు మంచిదాన్నే పట్టుకుంటుంది. రెండోదాన్ని మెల్లగా పక్కకు నెట్టేస్తుంది. కొన్నేళ్లు అలా నడిచాక ఆ కంటికి సరైన అద్దం పెట్టినా వెంటనే పూర్తి చూపు రాదు. బొమ్మ స్పష్టంగానే లోపలికి వెళుతుంది, దాన్ని చదవడం మెదడుకు ఇంకా రాదు.

దీన్ని తేల్చిచెప్పిన ప్రయోగాలు 1960ల్లో జరిగాయి. డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లికూనల ఒక కన్ను కొన్ని వారాలపాటు మూసి ఉంచి, తర్వాత తెరిచారు. కన్ను ఆరోగ్యంగానే ఉంది. కానీ మెదడులో చూపు చూసుకునే భాగంలోని కణాలు ఆ కంటికి స్పందించడం దాదాపుగా మానేశాయి. ఎదిగిన పిల్లి కన్నును అంతకంటే ఎక్కువ కాలం మూసినా ఇలా జరగలేదు. చూపు గురించి చేసిన పరిశోధనలకు వాళ్లిద్దరూ 1981లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. మీ అత్తగారి మాటకు జవాబు ఇక్కడే ఉంది. కాలం గడిస్తే సర్దుకునే జబ్బులు కొన్నుంటాయి. ఇది అలాంటిది కాదు, కాలం గడిచేకొద్దీ గట్టిపడేది. పెద్దావిడ పాప మీద ప్రేమతోనే అన్నారు, ఆ మాటకు కోపం తెచ్చుకోవద్దు. వీలైతే ఈసారి డాక్టరు దగ్గరకు ఆవిణ్ని కూడా తీసుకెళ్లండి. పాప కుడి కన్ను మూసి చార్టు చదివించేటప్పుడు ఆవిడ పక్కనే ఉంటే చాలు, మీరు వాదించాల్సిన పని ఉండదు.

మెల్లకన్ను లేకుండా లేజీ ఐ ఎలా వస్తుందని మీ సందేహం. రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. మెల్లకన్ను ఒక కారణం మాత్రమే. కన్ను పక్కకు తిరిగితే ఒకే వస్తువు రెండుగా కనిపించాలి. పసిపిల్లల మెదడు ఆ గందరగోళం పడలేక తిరిగిన కంటి బొమ్మను ఆపేస్తుంది. మీ పాపది ఇంకో రకం, రెండు కళ్ల పవర్‌లో తేడా. పిల్లల్లో ఇది ఎక్కువగా ప్లస్ పవర్‌తో వస్తుంది. కొంత ప్లస్ పవర్ ఉన్నా పిల్లలు కంటి లోపలి కండరాన్ని బిగించి ఫోకస్ తెచ్చుకోగలరు. చిక్కంతా ఎక్కడంటే, ఆ బిగింపు రెండు కళ్లకూ ఒకే మోతాదులో వెళుతుంది. తక్కువ పవర్ ఉన్న కంటికి స్పష్టత రాగానే బిగింపు ఆగిపోతుంది. ఎక్కువ పవర్ ఉన్న కన్నుకు అది ఎప్పుడూ చాలదు. దూరం చూసినా, దగ్గర చూసినా మసకే. ఒక కంటికి మైనస్ ఉంటే ఆ కన్ను కనీసం దగ్గర వస్తువులను చూడటానికైనా పనికొస్తుంది కాబట్టి మెదడు దాన్ని అంత తొందరగా వదిలేయదు. ప్లస్ తేడాకు ఆ వెసులుబాటు లేదు. ఇక బయటి నుంచి చూసేవాళ్లకు కళ్లు రెండూ ముత్యాల్లా ఉంటాయి. అన్నిటికంటే ఆలస్యంగా దొరికేది ఈ రకమే. నాలుగున్నరేళ్లకే దొరికిందంటే ఆ స్కూల్లో పరీక్ష చేసినవాళ్లకు మీరు థాంక్స్ చెప్పాలి.

మూడో కారణం అరుదు, కానీ అన్నిటికన్నా తీవ్రం. పుట్టుకతో శుక్లం ఉండటం, రెప్ప వాలిపోయి కంటిపాపను కప్పేయడం లాంటివి. దట్టమైన శుక్లంతో పుట్టిన బిడ్డ విషయంలో లెక్క సంవత్సరాల్లో కాదు, వారాల్లో ఉంటుంది.

ఫోన్ వల్ల లేజీ ఐ రాదు. ఫోన్ తగ్గించడానికి వేరే కారణాలు బోలెడున్నాయి, తగ్గించండి, మంచిదే. ఈ తప్పును మాత్రం దాని మీద వేయొద్దు, మీ మీదా వేసుకోవద్దు. అలాగే క్యారెట్లు, ఆకుకూరలు పెడితే ఇది తగ్గదు. అవి తినడం మంచిది, అంతవరకే.

ఎలా కనిపెట్టాలి అని అడిగారు. ఇంట్లో చేయగలిగే పని ఒకటుంది. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని తనకు ఇష్టమైన బొమ్మల పుస్తకమో, చిన్న చిన్న వస్తువులో ముందు పెట్టండి. ఆటలో పడ్డాక వెనక నుంచి అరచేత్తో ఒక కన్ను మూయండి. కాసేపయ్యాక రెండోది. రెండు వైపులా ఒకేలా ఆడుకుంటే మంచిదే. ఒక కన్ను మూసినప్పుడు మాత్రం చెయ్యి తోసేయడం, తల పక్కకు తిప్పి తప్పించుకోవడం, చిరాకుపడటం, చేస్తున్న పని ఆపేయడం కనిపిస్తే, అదీ మూసిన ప్రతిసారీ అదే వైపు కనిపిస్తే, రెండో కంటిని అనుమానించాలి. ఒక తల్లి నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తే: "ఎడమ కన్ను మూస్తే నవ్వుతోందండీ, కుడి కన్ను మూస్తే నా చెయ్యి కొరికింది." ఆ పిల్ల ఎడమ కన్నుతో చార్టులో పైనున్న పెద్ద అక్షరం తప్ప ఇంకేమీ చదవలేకపోయింది.

పిల్లలు వేళ్ల సందుల్లోంచి చూస్తారు, ఆ విషయంలో వాళ్లను మించినవాళ్లు లేరు. అందుకే వేళ్లతో కాకుండా అరచేతి గుంటతో మూయాలి, కంటి మీద నొక్కకూడదు. చార్టు విషయంలోనూ అంతే. ఒక బాబు కుడి కన్నుతో చదివేటప్పుడే వరసలన్నీ కంఠతా పట్టేసి, ఎడమ కన్నుతో గడగడా అప్పజెప్పాడు. తల్లి ముఖం వెలిగిపోయింది. అదే వరసను చివరి నుంచి మొదటికి చదవమంటే బాబు నా వైపు జాలిగా చూశాడు. ఇంకో విచిత్రం కూడా ఉంది. ఈ కన్ను ఒంటరిగా ఉన్న అక్షరాన్ని బాగానే చదువుతుంది, వరసలో పక్కపక్కన పేర్చిన అక్షరాలను చూస్తే తడబడుతుంది. కాబట్టి ఇంట్లో ఒక్కో అక్షరం రాసి చూపించి, చదివేసింది కదా అని నిశ్చింతగా ఉండకండి.

ఇవి కాక, తల ఎప్పుడూ ఒక వైపుకు వంచి చూడటం, ఎండలోకి రాగానే ఒకే కన్ను మూసుకోవడం, ఒక రెప్ప వాలి ఉండటం, అలసిపోయినప్పుడు ఒక కన్ను పక్కకు జారడం లాంటివి కనిపిస్తే చూపించాలి. మెట్ల అంచు అంచనా తప్పడం, గ్లాసులో పోస్తున్న నీళ్లు పక్కన పడటం కూడా కొందరిలో ఉంటుంది, కానీ ఆ వయసులో నీళ్లు ఒలకబోయని పిల్లలెవరు? దాని ఒక్కదాని మీద ఏదీ తేల్చలేం. నిజానికి ఇంటి పరీక్షలో తేడా కనిపిస్తే డాక్టరు దగ్గరకు వెళ్లాలి, కనిపించకపోయినా మూడేళ్ల నుంచి ఐదేళ్ల లోపు ఒక్కసారైనా రెండు కళ్లనూ విడివిడిగా పరీక్ష చేయించాలి. ఇంట్లో ఎవరికైనా లేజీ ఐ, మెల్లకన్ను, చిన్నప్పుడే ఎక్కువ పవర్ ఉన్నా, బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా మూడేళ్లు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

అందుకే మీ బాబును ఎలాగూ చూపించాలి, అక్కకు ఉంది కాబట్టి. ఫొటోల సంగతి చూద్దాం. పసిపిల్లలకు ముక్కు పైభాగం వెడల్పుగా, చదునుగా ఉంటుంది. కంటి లోపలి మూలను చర్మపు మడత కొంచెం కప్పుతుంది. దాంతో ముక్కు వైపు తెల్లగుడ్డు తక్కువ కనిపించి, కన్ను లోపలికి తిరిగినట్టు అనిపిస్తుంది. వాడు కాస్త పక్కకు చూసిన ఫొటోలో మరీనూ. ఫ్లాష్‌తో ఎదురుగా తీసిన ఫొటోను పెద్దది చేసి, రెండు కళ్ల నల్లగుడ్డు మీద పడ్డ చిన్న తెల్లటి మెరుపు చుక్కలను చూడండి. రెండు కళ్లలోనూ చుక్క ఒకే చోట ఉంటే చాలావరకు అది మన భ్రమే. ఒక కంట్లో మధ్యలో, ఇంకో కంట్లో పక్కకు ఉంటే నిజమైన మెల్ల కావచ్చు. మొదటి మూడు నాలుగు నెలల్లో పసివాళ్ల కళ్లు అప్పుడప్పుడు దారి తప్పడం మామూలే. పది నెలల వయసులో అలా జరుగుతుంటే మామూలని వదిలేయకూడదు.

ఫొటోల గురించే ఇంకో ముఖ్యమైన మాట. ఫ్లాష్ వేసినప్పుడు కంటిపాపలు ఎర్రగా కనిపించడం మీరు చూసే ఉంటారు. ఒక కన్ను ఎర్రగా ఉండి రెండోది తెల్లగా లేదా పసుపు తెలుపుగా మెరిస్తే, అదీ ఒకటికి రెండు ఫొటోల్లో కనిపిస్తే, ఇక ఆగొద్దు. అది ఫొటో తీసిన కోణం వల్ల కావచ్చు. శుక్లం కావచ్చు. అరుదుగా కంటిలో గడ్డ కూడా కావచ్చు. 'వచ్చే నెల చూద్దాంలే' అనకుండా ఒకటి రెండు రోజుల్లోనే కళ్ల డాక్టరు దగ్గర ఉండాలి.

పది నెలల పిల్లాడు చార్టు ఎలా చదువుతాడని అనుమానం వద్దు. చదవక్కర్లేదు. చుక్కల మందు వేసి ఫోకస్ చేసే కండరాన్ని కాసేపు వదులు చేస్తారు. తర్వాత కంట్లోకి వెలుగు వేసి, అది తిరిగొచ్చే తీరును బట్టి పవర్ కొలుస్తారు. బిడ్డ ఒక్క మాట చెప్పకపోయినా కొలత వస్తుంది. మీ పాపకూ చుక్కలు వేసే కొలిచి ఉంటారు. చుక్కలు వేయకుండా మెషీన్‌తో మాత్రమే చూసి జోడు రాసిచ్చి ఉంటే, చుక్కలు వేసి మళ్లీ చూడమని అడగండి. అలా అడగడం తప్పేం కాదు.

ఇక వైద్యం. కళ్లజోడు అంటే అందరూ సాయం చేసే వస్తువు అనుకుంటారు. ఇక్కడ అదే మందు. మూడు నుంచి ఏడేళ్ల లోపు పిల్లల మీద జరిగిన ఒక అధ్యయనంలో, పవర్ తేడా వల్ల లేజీ ఐ వచ్చినవాళ్లలో నాలుగో వంతు మందికి పైగా కళ్లజోడుతోనే పూర్తిగా బాగయ్యారు. మిగతావాళ్లలోనూ చాలామందికి చూపు మెరుగైంది. మీ డాక్టరు ముందు జోడు, ఆ తర్వాతే ప్యాచ్ అన్నది అందుకే. షరతు ఒకటే, నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా జోడు ఉండాలి. స్కూలుకు మాత్రమే పెట్టి ఇంటికి రాగానే తీసేస్తే లాభం లేదు. మొదటి వారం పాప జోడు మీదుగా చూస్తుంది, ముక్కు మీదకు జార్చుకుంటుంది, సోఫా కింద దాస్తుంది. కుడి కన్నుతో తనకు ముందే బాగా కనిపిస్తోంది కాబట్టి ఈ జోడు ఎందుకో తనకు అర్థం కాదు. తిట్టకండి, మళ్లీ పెట్టండి. చెవుల వెనక బిగించే పట్టీ ఉన్న జోడు తీసుకుంటే మీకు సగం పని తగ్గుతుంది.

ప్యాచ్ దాకా వస్తే మూయాల్సింది కుడి కన్ను, అంటే బాగున్న కన్ను. ఇది మరీ తెలిసిన విషయంలా ఉంది కదా? నెలరోజులు జబ్బు కంటికే ప్యాచ్ వేసి తీసుకొచ్చిన ఇల్లు నాకు తెలుసు. దెబ్బ తగిలిన చోటే కదా కట్టు కడతాం, వాళ్ల తప్పు కూడా కాదు, సరిగ్గా చెప్పనివాళ్ల తప్పు. మంచి కన్ను మూసే పద్ధతి కొత్తదీ కాదు, ఫ్రెంచ్ శాస్త్రవేత్త బుఫాన్ 1743లోనే దీని గురించి రాశాడు. కొత్తగా తెలిసింది ఎంతసేపు మూయాలన్నది. ఒకప్పుడు రోజంతా మూసేవారు. మధ్యస్థంగా ఉన్న లేజీ ఐకి రోజుకు 2 గంటల ప్యాచ్, 6 గంటల ప్యాచ్ ఒకే ఫలితం ఇచ్చాయని 2003లో తేలింది. తీవ్రంగా ఉంటే ఎక్కువ గంటలు చెబుతారు. పాప ఎడమ కంటి చూపు 6/24 ఉందా, 6/60 ఉందా అన్నదాన్ని బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. 6/24 అంటే మామూలు కన్ను 24 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని ఈ కన్ను 6 మీటర్ల నుంచి చదువుతోందని. ఆ అంకె అడిగి రాసి పెట్టుకోండి. తర్వాత మెరుగైందో లేదో మీకే తెలుస్తుంది.

ప్యాచ్ చర్మానికి అంటించేదై ఉండాలి, జోడు దాని మీద పెట్టాలి. అద్దం మీద గుడ్డ కడితే పాప పక్కనుంచి చూసేస్తుంది. మొదటి కొన్ని రోజులు ఆ రెండు గంటలు తనకు నిజంగానే సరిగా కనిపించదు, ఏడవడం మొండితనం కాదు. మెట్లు, వీధి, సైకిల్ ఆ టైమ్‌లో వద్దు. పక్కన కూర్చుని దగ్గర పని ఏదైనా చేయించండి. రంగులు వేయడం, బొమ్మలో దాగిన వస్తువు వెతకడం. మీ పాపకు పూసలిష్టమైతే ఇంకేం కావాలి, దారానికి పూసలు గుచ్చించండి. మొదటి రోజు పెద్ద పూసలు ఇవ్వండి, కుదిరేకొద్దీ చిన్నవి. ప్యాచ్ అసలు పడనివ్వని పిల్లలకు మంచి కంట్లో అట్రోపిన్ చుక్కలు వేసి దాని చూపును మసక చేసే పద్ధతీ ఉంది. మధ్యస్థంగా ఉన్నవాళ్లలో అది ప్యాచ్‌కు దాదాపు సమానంగా పనిచేస్తుంది. ఏది వాడినా డాక్టరు చెప్పిన తేదీకి తప్పక వెళ్లాలి, ఎందుకంటే మంచి కన్నును ఎక్కువగా మూస్తే దాని చూపూ తగ్గవచ్చు. చూపు వచ్చేసిందని మీ అంతట మీరు ఆపేయకండి. ఆపిన ఏడాదిలో సుమారు నలుగురిలో ఒకరికి చూపు మళ్లీ కొంత వెనక్కి జారుతుంది.

ఒక కన్ను బాగుంది కదా, ఇంత శ్రమ దేనికని ఎవరైనా అడగొచ్చు. రెండు కళ్లూ కలిస్తేనే లోతు, దూరం సరిగా తెలుస్తాయి. అంతకంటే పెద్ద సంగతి, పెద్దయ్యాక ఆ ఒక్క మంచి కంటికి దెబ్బ తగిలితే ఆనుకోవడానికి రెండోది ఉండాలి. పాప వయసు గురించి కూడా కంగారొద్దు. ఏడు నుంచి 12 ఏళ్ల మధ్య వైద్యం మొదలుపెట్టినవాళ్లలోనూ సగం మందికి పైగా మెరుగుదల కనిపించిందని 2005లో ఒక అధ్యయనం చెప్పింది. మీ పాపకు ఇంకా నాలుగున్నరే. చిన్న వయసులో ఫలితం తొందరగానూ, ఎక్కువగానూ వస్తుంది.

పాప తర్వాతి చెకప్ రోజునే బాబుకూ అపాయింట్‌మెంట్ తీసుకోండి. పొద్దున వాడు నిద్ర లేచి, పాలు తాగి ఉత్సాహంగా ఉండే టైమ్ అడగండి. నిద్ర ముంచుకొస్తున్న పిల్లాడి కళ్లు చూడటం ఎవరి వల్లా కాదు. చుక్కలు వేశాక కంటిపాప పెద్దదై కొన్ని గంటలపాటు, ఒక్కో మందుతో ఇంకా ఎక్కువ కాలం, వెలుతురు చూడలేడు. తిరిగొచ్చేటప్పుడు వాడికో టోపీ పెట్టండి. అనుమానం వచ్చిన ఆ ఫొటోలు ఫోన్‌లో పక్కన పెట్టుకుని వెళ్లండి, డాక్టరు తప్పకుండా చూడాలంటారు.